సాయంత్రం నాలుగయ్యేసరికి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళు కాస్త సలహా చెప్పండి

బెజవాడ డీటీపీ | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నాకు 48 ఏళ్ళు. విజయవాడలో చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. 22 ఏళ్ళుగా ఇదే పని. పుస్తకాలు, కరపత్రాలు, పెళ్ళికార్డులు, ఏది వస్తే అది. పొద్దున 10కి కూర్చుంటే లేచేది రాత్రి 9కే.

పొద్దున పూట ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం నాలుగు దాటితే కళ్ళల్లో ఇసక పోసినట్టు గరగర. తర్వాత మంట, ఆ తర్వాత ధారగా నీళ్ళు. ఐదింటికి అక్షరాలు అలుక్కుపోతాయి. ఇంగ్లీషు మ్యాటరైతే ఎలాగో నెట్టుకొస్తాను, తెలుగుతోనే చిక్కు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. థ, ధ రెండూ ఒకటే. పోయిన నెల ఒక పెళ్ళికార్డులో "వరుడు" కాస్తా "పరుడు" అయి కూర్చున్నాడు. టైపింగులో తప్పు నాదే, ప్రూఫు చూసిందీ నేనే, కంటికి ఆనలేదు. 500 కార్డులు నా ఖర్చుతో మళ్ళీ వేయించి ఇచ్చాను. పెళ్ళికూతురి తండ్రి నవ్వాడు కాబట్టి సరిపోయింది.

ఇప్పటిదాకా చేసినవి: ఏడాదిన్నర కింద కళ్ళజోడు షాపులో చూపిస్తే చదువుకోడానికి +1.75 అద్దాలిచ్చారు. మూడు నెలల కింద 1,800 పెట్టి, తెర నుంచి వచ్చే నీలి కాంతిని ఆపుతుందంటే బ్లూ కట్ జోడు కొన్నాను. పక్కనే ఉన్న మెడికల్ షాపులో చుక్కల మందు తీసుకుని, కళ్ళు ఎర్రబడినప్పుడల్లా వేసుకుంటున్నాను. వేసిన రోజు బాగుంటుంది, రెండో రోజు షరా మామూలే. ఇప్పుడు కొత్తగా మెడనొప్పి కూడా తోడైంది.

కంప్యూటర్ వల్ల కళ్ళు శాశ్వతంగా పోతాయా? అదే టెన్షన్. ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదు.

---

రాత్రిషిఫ్ట్ | సోమవారం, రాత్రి 10:31

అన్నా, 20-20-20 ఫాలో అవ్వండి. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. నేను ఫోన్లో అలారం పెట్టుకున్నాను. డార్క్ మోడ్ కూడా పెట్టండి.

---

బెజవాడ డీటీపీ | సోమవారం, రాత్రి 10:40

తమ్ముడూ, నా షాపు మొత్తం కలిపి 10 అడుగులు. ఎదురుగా గోడ. నేను టైపు చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో డార్క్ మోడ్ ఎక్కడుంటుందయ్యా!

---

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 11:05

ఇవన్నీ ఎందుకండీ. రాత్రి పడుకునే ముందు కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టుకోండి. వారానికోసారి కంట్లో ఆముదం చుక్క. పొన్నగంటి కూర పప్పు. మా తాతగారు 84 ఏళ్ళకి కూడా జోడు లేకుండా పేపరు చదివేవారు.

---

అద్దాలపని | మంగళవారం, ఉదయం 6:50

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే చూపు పరీక్షించి అద్దాల పవరు చెప్పే పని, గుంటూరు దగ్గర. డాక్టర్ని కాను, అది ముందే చెప్తున్నాను. డీటీపీ అన్నగారూ, సలహా చెప్పే ముందు నాకు నాలుగు సంగతులు కావాలి.

ఆ చుక్కల మందు సీసా మీద ఏం రాసుందో చూసి చెప్పండి. కంపెనీ పేరు వద్దు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు కావాలి.

కుట్టుపని టేపు ఒకటి తీసుకోండి. ఎప్పుడూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, కంటి నుంచి తెరకి ఎంతో, కంటి నుంచి రాతప్రతికి ఎంతో కొలవండి. ఇంకెవరైనా పట్టుకుని కొలిస్తే మంచిది. మనమే కొలుచుకుంటే బుద్ధిమంతుడిలా నిటారుగా కూర్చుంటాం.

ఫ్యాను ఎక్కడుంది? సుగరు, బీపీ ఉన్నాయా, అలర్జీ మాత్రలేమైనా వాడుతున్నారా?

గోదారిగట్టు గారూ, నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, నాకూ ఇష్టమే. ఆముదం మాత్రం కంట్లో వద్దండి. వంటింటి సీసాలోదైనా, గానుగ నుంచి తెచ్చిందైనా, కంట్లో వేసే మందులా సూక్ష్మజీవులు లేకుండా తయారైంది కాదు. తేనె, రోజ్ వాటర్, చనుబాలు కూడా అంతే. ఇవి వేసుకుని నల్లగుడ్డు మీద పుండుతో వచ్చినవాళ్ళని చూశాను.

---

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 7:15

మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు మరి. సరే, మీ ఇష్టం. పొన్నగంటి కూరకి కూడా అడ్డు చెప్తారేమో అని చూస్తున్నా.

---

అద్దాలపని | మంగళవారం, ఉదయం 7:18

చెప్పను. తినండి, మంచిదే. అయితే ఆకుకూర తిన్నంత మాత్రాన ఆయన తెర దగ్గరికి రాదు, దూరం జరగదు. 🙂

---

బెజవాడ డీటీపీ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

మా అబ్బాయి చేత కొలిపించాను. తెరకి 71 సెంటీమీటర్లు. రాతప్రతి కీబోర్డు పక్కన బల్ల మీద పడేసి ఉంటుంది, దానికి 42. సుగరు లేదు, బీపీ మాత్ర ఒకటి వేసుకుంటాను. దుమ్ముకి తుమ్ములొస్తాయని సిట్రిజిన్ అప్పుడప్పుడు. ఏసీ లేదు, టేబుల్ ఫ్యాను మానిటర్ పక్క నుంచి నేరుగా మొహానికి కొడుతుంది. బెజవాడ ఎండలకి అది లేకపోతే కూర్చోలేం.

సీసా మీద ఒక యాంటీబయాటిక్ పేరు, దాని పక్కన "డెక్సామెథసోన్" అని ఉంది.

పేజీ మొత్తం ఒకేసారి కనబడాలని 75 శాతం వ్యూలో పెట్టి టైపు చేస్తాను. చాలా ఏళ్ళ అలవాటు.

---

అద్దాలపని | మంగళవారం, రాత్రి 9:02

అన్నగారూ, ముందు ఆ సీసా సంగతి. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. ఎరుపు వెంటనే పోతుంది కాబట్టి అందరికీ అది గొప్ప మందులా కనిపిస్తుంది. డాక్టర్ చూసి, ఇన్ని రోజులు అని లెక్క చెప్పి రాస్తే అది మంచి మందే. సొంతంగా నెలల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లకోమా) వస్తాయి, శుక్లాలు ముందే రావచ్చు. ఒత్తిడి పెరుగుతున్నప్పుడు నొప్పి ఉండదు, అదే అసలు చిక్కు. మళ్ళీ కొనకండి. ఈ వారంలోనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఎన్నాళ్ళు వాడారో దాచకుండా చెప్పి, ఒత్తిడి చూపించుకోండి. 40 దాటాక ఎలాగూ చూపించుకోవాల్సిన పరీక్షే ఇది.

ఇక మీ అద్దాల సంగతి. మీది చత్వారం, అంటే వయసుతో దగ్గరి చూపు తగ్గడం. పేరులోనే ఉంది, చత్వారింశత్ అంటే 40. కొందరు చాలీసు అంటారు, అదీ 40 లెక్కే. కంటి లోపలి కటకం వయసుతో పాటు బిరుసెక్కుతుంది, దగ్గరి వస్తువు కోసం ఉబ్బాల్సినంత ఉబ్బదు. కంప్యూటర్ ముట్టుకోని రైతుకీ వస్తుంది.

+1.75 అద్దం పెట్టుకున్నారు కదా. దూరపు చూపులో లోపం లేనివాళ్ళకి ఆ అద్దంతో స్పష్టంగా కనిపించే చివరి దూరం ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. 100ని 1.75తో భాగించండి. 57 సెంటీమీటర్లు. మీ తెర 71లో ఉంది! అంటే ఆ జోడు పెట్టుకుని తెర చూస్తే అది మసకే. అందుకని తెలియకుండానే మెడ ముందుకి చాచి 57లోకి దూరుతున్నారు. మెడనొప్పి అక్కడిది. జోడు తీసేస్తే 71లో చూడటానికి కంటి కండరం రోజంతా బిగబట్టుకోవాలి. పొద్దున ఓపికుంటుంది, నాలుగింటికి చేతులెత్తేస్తుంది.

మీకు అద్దాలిచ్చినవాళ్ళు తప్పు చేశారని నేననను. పుస్తకం పట్టుకునే 40 సెంటీమీటర్ల దూరానికి పరీక్ష చేశారు, దానికి సరిగ్గానే ఇచ్చి ఉంటారు. మీ పని 71లో ఉందని వాళ్ళు అడగలేదు, మీరు చెప్పలేదు. రోజూ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎవరూ చెప్పరు. "కంప్యూటర్ చూస్తానండీ" అంటారు, ఎంత దూరంలో అంటే చెయ్యి చాచి గాల్లో చూపిస్తారు.

మళ్ళీ పరీక్షకి వెళ్ళేటప్పుడు ఆ రెండు అంకెలు, 71, 42, కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

---

రాత్రిషిఫ్ట్ | మంగళవారం, రాత్రి 9:20

నాకు 29 ఏళ్ళు. చత్వారం కాదు కదా. మరి నాకెందుకు మంట?

---

అద్దాలపని | మంగళవారం, రాత్రి 9:44

రెప్ప కొట్టకపోవడం. మామూలుగా కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు నిమిషానికి 15, 20 సార్లు రెప్ప వేస్తాం. తెర మీద మనసు పెట్టినప్పుడు అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. వేసే రెప్పలు కూడా సగం సగమే, పైరెప్ప కింది రెప్పని తాకకుండానే వెనక్కి పోతుంది. కన్నీటి పొర మీద పలచటి నూనె పూత ఉంటుంది, నీరు ఆరిపోకుండా. రెప్పల అంచున ఉండే గ్రంథుల నుంచి వస్తుంది ఆ నూనె. పూర్తి రెప్ప వేస్తేనే అది పిండుకుని పరుచుకుంటుంది. లేకపోతే కన్ను ఆరిపోతుంది.

డీటీపీ అన్నగారికి సాయంత్రం ధారగా కారే నీళ్ళు కూడా పొడిబారడం వల్లే. కన్ను ఆరిపోయి మండితే, మంట ఆర్పడానికి శరీరం ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. అందులో నూనె సరిపడా ఉండదు, నిలవదు. "నీళ్ళు కారుతుంటే పొడిబారడం ఏంటండీ" అని అడగని పేషెంటు లేడు.

మొహానికి కొట్టే ఫ్యాను, సిట్రిజిన్ రెండూ దానికి ఆజ్యం. సిట్రిజిన్ ముక్కుతో పాటు కంటిని కూడా ఆరబెడుతుంది.

---

టెక్సాస్ బాబాయ్ | మంగళవారం, రాత్రి 11:58

ఇక్కడ చలికాలం హీటర్ వేస్తే ఇదే గోల. వెంట్ గాలి మొహానికి తగలకుండా మళ్ళించుకున్నాను, గదిలో గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ పెట్టాను, సగం తగ్గింది.

ఒక మాట. ఆ బ్లూ కట్ అద్దాలు పనిచేస్తాయి. నేను నాలుగేళ్ళుగా వాడుతున్నా.

---

రాత్రిషిఫ్ట్ | బుధవారం, ఉదయం 12:10

బాబాయ్, అది షాపువాళ్ళు అంటగట్టే సరుకు. మా టీమ్‌లో ఆరుగురికి ఉన్నాయి, ఆరుగురూ కళ్ళు నలుపుకుంటూనే ఉంటారు.

---

టెక్సాస్ బాబాయ్ | బుధవారం, ఉదయం 12:16

నీ టీమ్ సంగతి నాకు తెలీదు నాయనా, నా కళ్ళ సంగతి చెప్పాను.

---

అద్దాలపని | బుధవారం, ఉదయం 7:05

మా షాపులో కూడా అమ్ముతాం, అయినా నిజం చెప్తాను. 2023లో, వైద్య పరిశోధనలని సమీక్షించే కాక్రేన్ సంస్థవాళ్ళు 17 ట్రయల్స్‌ని కలిపి సమీక్ష చేశారు. మామూలు అద్దాలతో పోలిస్తే, తెర వల్ల వచ్చే అలసట ఈ అద్దాలతో తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. అమెరికాలో కంటి డాక్టర్ల అకాడమీ కూడా వీటిని సిఫార్సు చేయడం లేదు. తెర నుంచి వచ్చే నీలి కాంతి, ఆరుబయట ఎండలో మన కంట్లో పడేదానితో పోలిస్తే చాలా తక్కువ. బాబాయ్‌గారి జోడులో పవరు కూడా ఉండి ఉంటుంది, మేలు దానిది కావచ్చు. అదే జోడులో యాంటీ గ్లేర్ పూత కూడా వస్తుంది, లైటు ప్రతిబింబాలు తగ్గుతాయి. పడుకునే ముందు తెర చూస్తే నిద్ర చెడుతుందనేది వేరే సంగతి, దానికి ఫోను పక్కన పెట్టడం ఉచితం.

డీటీపీ అన్నగారి 1,800 పోయినట్టే. ఫ్రేము బాగుంటే అందులోనే కొత్త అద్దాలు వేయించుకోవచ్చు.

---

టెక్సాస్ బాబాయ్ | బుధవారం, ఉదయం 8:30

పవరు ఉంది. +1. ... సరే, ఊరుకుంటా.

---

సీసపక్షరం | బుధవారం, మధ్యాహ్నం 3:40

నేను అచ్చు కంపోజిటర్‌ని, రిటైరై చాలాకాలమైంది. తెనాలిలో ప్రెస్సులో పనిచేశాను. సీసం అక్షరాలు గళ్ళలోంచి ఏరి స్టిక్కులో పేర్చేవాళ్ళం. అక్షరం తిరగేసి ఉంటుంది కదా, వ ఏదో ప ఏదో ఎడమ కుడి మార్చి చదవాలి. నలభై వాట్ల బల్బు కింద. అప్పుడు కూడా సాయంత్రానికి కళ్ళు మండేవి, కంప్యూటర్ పేరు ఎవరికీ తెలియదు. మా ఫోర్‌మన్ గంటకోసారి "బయటికి పోయి కొబ్బరిచెట్టు మట్టలు లెక్కెట్టి రండ్రా" అని తరిమేవాడు. బీడీ కాల్చుకోడానికి వదులుతున్నాడు అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఈ అబ్బాయి చెప్పే 20-20-20 చదువుతుంటే ఆయనే గుర్తొచ్చాడు.

ఇంకో సంగతి బాబూ. నువ్వు 75 శాతంలో టైపు చేస్తున్నావన్నావు. మేం ప్రూఫుని ఎప్పుడూ చిన్న టైపులో చూడలేదు. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం లాంటిది కాదు. ఒక అక్షరంలో పైన గుడి, మధ్యన హల్లు, కింద ఒత్తు, మూడంతస్తులు. అదే ఎత్తులో ఇంగ్లీషు ఒక అంతస్తే. ప మీద తలకట్టు విడిగా ఉంటుంది, వ కి అంటుకుని ఉంటుంది, ఆ సందు వెంట్రుకవాసి. ఆ సందు తెర మీద మాయమైతే నీ పెళ్ళికొడుకు పరుడు కాక ఏమవుతాడు?

---

బెజవాడ డీటీపీ | బుధవారం, రాత్రి 9:30

పెద్దాయనా, దండం. 150 శాతం చేశాను ఇవాళ. పేజీలో సగమే కనబడుతోంది, కిందికీ పైకీ జరుపుకోవడం విసుగ్గా ఉంది, కానీ ఒత్తులు ఒత్తుల్లా కనబడుతున్నాయి.

---

టీచరమ్మ | గురువారం, ఉదయం 5:55

నాకు 51. ఆన్‌లైన్ మార్కుల ఎంట్రీ చేసినప్పుడల్లా ఇదే బాధ. ఆ మధ్య ఆసుపత్రిలో కన్నీళ్ళ పరీక్ష చేశారు. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి 5 నిమిషాలు కూర్చోబెట్టి, ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. నాకు 6 మాత్రమే. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్ళకి కన్నీళ్ళు తగ్గుతాయని అప్పుడు తెలిసింది. కంప్యూటర్‌ని తిట్టుకుంటూ రెండేళ్ళు గడిపాను. నోరు కూడా ఎండిపోతుంటే, కీళ్ళనొప్పులుంటే తప్పకుండా చెప్పమన్నారు, దానికి వేరే రక్తపరీక్షలు ఉంటాయట.

కన్నీటి బదులు వేసుకునే కన్నీటి చుక్కలు రాశారు. రోజుకి నాలుగుసార్ల కంటే ఎక్కువ వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి వాడమన్నారు. మామూలు సీసా తెరిచాక నెల దాటితే పారెయ్యాలి. మా ఇంట్లో ఆరు నెలల సీసా ఫ్రిజ్ తలుపులో దొరికింది.

పిల్లల సంగతి కూడా ఎవరైనా చెప్తారా? మా మనవడు ఫోను ముక్కుకి ఆనించి చూస్తాడు.

---

అద్దాలపని | గురువారం, ఉదయం 7:20

మేడం, పిల్లలకి వేరే టాపిక్ పెట్టండి, అది చాలా ఉంది. ఒక్క ముక్క మాత్రం: రోజుకి రెండు గంటలు ఆరుబయట వెలుతుర్లో ఆడనివ్వండి. హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనబడటం) మొదలవకుండా ఆపడంలో దానికున్నంత ఆధారం ఇంకే ఇంటి చిట్కాకీ లేదు. ముక్కుకి ఆనించి చూస్తున్నాడంటే ఇప్పటికే సైట్ వచ్చిందేమో ఒకసారి చూపించండి.

---

కళ్ళజోడుకి_సెలవు | గురువారం, మధ్యాహ్నం 1:02

మిత్రులారా, 21 రోజుల్లో అద్దాలు మాన్పించే నేత్ర వ్యాయామాల కోర్సు. వివరాలకు మెసేజ్ చేయండి.

---

నిర్వాహకులు | గురువారం, మధ్యాహ్నం 1:30

పై సభ్యుడిని తొలగించాం. పోస్టు ఎందుకు ఉంచామంటే, చత్వారాన్ని వ్యాయామంతో పోగొట్టవచ్చని ఎవరైనా డబ్బు అడిగితే గుర్తుపట్టడానికి. ఇంకో మాట: ఉన్నట్టుండి చూపు తగ్గినా, మెరుపులు, నల్లచుక్కలు ఎక్కువైనా, పక్క నుంచి తెర దించినట్టు అనిపించినా, నొప్పితో వాంతులు అయినా ఇక్కడ పోస్టు పెట్టి కూర్చోకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

---

బెజవాడ డీటీపీ | మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 11:15

ఆలస్యంగా రాస్తున్నాను, స్కూలు డైరీల సీజను.

ఆసుపత్రికి వెళ్ళొచ్చాను. కంటి ఒత్తిడి మామూలుగానే ఉంది, నరం బాగుంది. స్టెరాయిడ్ సంగతి చెప్తే డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఆరు నెలలకి మళ్ళీ రమ్మంది. కంట్లో పచ్చరంగు వేసి చూసి, కన్నీటి పొర 5 సెకన్లకే చెదిరిపోతోందంది, 10 దాటి నిలవాలట. కన్నీటి చుక్కలు రాసి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ రోజూ రెప్పల మీద పది నిమిషాలు పెట్టుకోమంది. మా అమ్మ అది చూసి "నే చెప్తే వినవు, డాక్టరు చెప్తే వింటావు" అంది. ఆవిడ ఎప్పుడు చెప్పిందో నాకైతే గుర్తులేదు.

అద్దాల గదిలో ఆ రెండు అంకెల కాగితం ఇచ్చాను. ఆ అమ్మాయి నవ్వి, "ఇలా రాసుకొచ్చినవాళ్ళు మీరే మొదలు" అంది. తెర దూరానికి +1.00 ఇచ్చారు. 1,800 ఫ్రేములోనే వేయించాను. పుస్తకం చదివేటప్పుడు మాత్రం పాతదే.

షాపులో మార్చినవి: ఫ్యాను వెనక్కి, వీపుకి కొట్టేలా. మానిటర్ కింద ఉన్న పాత సీపీయూ తీసేశాను, ఇప్పుడు చూపు కొంచెం కిందికి వాలుతుంది. చూపు వాలితే రెప్పలు కన్నుని ఎక్కువ కప్పుతాయి, తొందరగా ఆరదు అని డాక్టరమ్మ చెప్పింది. తెర పక్కన తెల్ల కాయితం పెట్టి చూశాను, తెర ట్యూబులైటులా వెలుగుతోంది. బ్రైట్‌నెస్ కాయితంతో సమానం అయ్యేదాకా తగ్గించాను. మానిటర్ అంచున "రెప్ప" అని చీటీ అంటించాను. కస్టమర్లు అదేదో కొత్త పత్రిక పేరనుకుంటున్నారు.

పెద్దాయన మాట పట్టుకుని గంటకోసారి గుమ్మంలోకి వచ్చి ఎదురుగా కనకదుర్గమ్మ కొండ వైపు చూస్తున్నాను. పుణ్యం, పురుషార్థం.

పూర్తిగా పోయిందా అంటే లేదు. మంట ఏడింటికి మొదలవుతోంది, నాలుగింటికి కాదు. మెడనొప్పి మాత్రం పోయింది.

---

సీసపక్షరం | ఆదివారం, మధ్యాహ్నం 12:40

రాతప్రతి ఇంకా బల్ల మీదే పడుందా? 42కీ 71కీ మధ్య రోజుకి వెయ్యిసార్లు తిరగాలి నీ కన్ను.

---

బెజవాడ డీటీపీ | ఆదివారం, మధ్యాహ్నం 1:05

లేదు, తెర పక్కనే నిలబెట్టాను. రెండూ ఒకే దూరం ఇప్పుడు.

---

రాత్రిషిఫ్ట్ | ఆదివారం, మధ్యాహ్నం 1:09

ఆ స్టాండు ఎక్కడ కొన్నావన్నా? ఆన్‌లైన్లో అన్నీ వెయ్యి పైనే ఉన్నాయి.

---

బెజవాడ డీటీపీ | ఆదివారం, మధ్యాహ్నం 1:22

కొనలేదు తమ్ముడూ. ఆ "పరుడు" కార్డులు మిగిలాయి కదా, నలభై కలిపి గట్టిగా అతికించి, వెనక బైండింగ్ క్లిప్పు పెట్టాను. రేపు షాపుకెళ్ళి ఫోటో పెడతా.